అరుగు మీది కబుర్లు: పెంచి పంపే కుక్కపిల్ల

పోయిన సంచికలో రాసిన అప్పడాల కబుర్లకు షోలాపూరు నుంచీ, హోసూరు నుంచీ, యానాం నుంచీ ఉత్తరాలు వచ్చాయి. అందరికీ విడివిడిగా జవాబు రాయలేకపోయాను, ఏమీ అనుకోకండి. యానాం సోదరి ఒకావిడ తన ఉత్తరం చివర, "మీరు అమెరికా వెళ్ళి వచ్చారు కదా, అక్కడి మేడలూ కార్లూ కాకుండా మనం తెలుసుకోదగ్గ సంగతి ఏదైనా ఉంటే రాయండి" అన్నారు. ఉంది. అయితే అది కుక్క కథ. కుక్క అనగానే పేజీ తిప్పేసేవాళ్ళు మన ఇళ్ళల్లో చాలామంది ఉన్నారని నాకు తెలుసు. మా అమ్మ బతికి ఉంటే ఆవిడే ముందు తిప్పేది. కాస్త ఓపిక పట్టండి.

మా అమ్మాయి కుటుంబం న్యూజెర్సీ రాష్ట్రంలో, ఎడిసన్ అనే ఊరికి దగ్గరలో ఉంటారు. 2018 ఏప్రిల్‌లో ఒకరోజు ఫోన్ చేసి, "అమ్మా, మనింటికి కుక్కపిల్ల వచ్చింది. కానీ అది మనది కాదు. ఏడాది పైచిలుకు పెంచి తిరిగి ఇచ్చెయ్యాలి" అంది. నాకేమీ అర్థం కాలేదు. ఎవరైనా ఊరికి వెళుతూ కుక్కను వదిలి వెళ్ళారేమో అనుకున్నాను. మే నెలలో నేను వెళ్ళి చూద్దును కదా, మూడు నెలల నల్లటి లాబ్రడార్ పిల్ల, హాల్లో నా చెప్పుల మీద తల పెట్టుకుని నిద్రపోతోంది. పేరు నోరా. నోరులేని జీవానికి నోరా అని పేరేమిటే అంటే మా అమ్మాయి నవ్వింది. ఆ పేరు వీళ్ళు పెట్టింది కాదట. సంస్థ వాళ్ళు ఒక ఈతలో పుట్టిన పిల్లలన్నిటికీ ఒకే అక్షరంతో పేర్లు పెడతారట. దాని తోబుట్టువులన్నీ 'న'కారాలే.

ఆ సంస్థ పేరు 'ది సీయింగ్ ఐ'. అంటే చూసే కన్ను. మారిస్‌టౌన్ అనే ఊళ్ళో ఉంది, మా అమ్మాయి ఇంటికి కార్లో ముప్పావుగంట ప్రయాణం. చూపులేని వారికి దారి చూపే కుక్కలను పుట్టించి, పెంచి, నేర్పి, ఇచ్చే సంస్థ. ఈ పనిలో ఉన్న సంస్థల్లో ఇప్పటికీ నడుస్తున్నవాటిలో ఇదే పాతది. 1929లో టెన్నెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో పెట్టారు, 1931లో న్యూజెర్సీకి తరలించారు.

దీని పుట్టుక చెబితే మీకూ బాగుంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో కళ్ళు పోయిన సైనికుల కోసం జర్మనీలో 1916లో ఓల్డెన్‌బర్గ్ అనే ఊళ్ళో మొదటిసారి ఇలాంటి కుక్కలకు శిక్షణ ఇచ్చే బడి మొదలైంది. స్విట్జర్లాండులో స్థిరపడిన డొరొతీ యూస్టిస్ అనే అమెరికన్ మహిళ అప్పటికే వేరే పనుల కోసం కుక్కలను తయారుచేస్తూ ఉండేది. ఆమె జర్మనీ వెళ్ళి ఆ పద్ధతి చూసి వచ్చి 1927 నవంబరులో ఒక అమెరికా వారపత్రికలో వ్యాసం రాసింది. నాష్‌విల్‌లో మారిస్ ఫ్రాంక్ అనే కుర్రాడికి వాళ్ళ నాన్న అది చదివి వినిపించాడు. ఆ అబ్బాయికి చిన్నతనంలో ఒక కన్నూ, పదహారేళ్ళప్పుడు బాక్సింగు ఆడుతూ రెండో కన్నూ పోయాయి. తనకొక కుక్కను ఇప్పిస్తే, తనలాంటి వాళ్ళందరికీ ఆ విద్య అందేలా అమెరికాలో పాటుపడతానని ఆమెకు ఉత్తరం రాశాడు. ఆమె రమ్మంది. 1928లో అతణ్ణి ఓడలో పంపారు. చూపులేని మనిషి ఒంటరిగా ప్రయాణం చెయ్యలేడనే ఉద్దేశంతో ఒక కంపెనీ వారికి పార్శిలు అప్పగించినట్లు అప్పగించారు, ఓడలో గదిలో పెట్టి తాళం వేసేవారు! తిరుగు ప్రయాణంలో బడ్డీ అనే జర్మన్ షెపర్డ్ కుక్కతో న్యూయార్కులో దిగి, విలేకరులు చూస్తుండగా వెస్ట్ స్ట్రీట్ అనే రద్దీ వీధి దాటి, ఆమెకు ఒకే ఒక్క మాటతో టెలిగ్రాం కొట్టాడు, గెలిచానని. వెళ్ళేటప్పుడు పార్శిలు, వచ్చేటప్పుడు మనిషి. ఈ ఘట్టం మా అమ్మాయి చెబుతుంటే నేను చేతిలో ఉన్న బెండకాయలు తరగడం మానేసి విన్నాను.

అతను పట్టుబట్టిన సంగతి ఇంకొకటి ఉంది. కుక్కను ఊరికే ఇవ్వకూడదు. మొదటి కుక్కకు 150 డాలర్లు, ఆ తరవాత తీసుకునేవాటికి 50 డాలర్ల చొప్పున తీసుకోవాలి. కుక్క ఖరీదూ, శిక్షణా, అక్కడ ఉండి నేర్చుకునే రోజుల్లో బసా భోజనమూ అన్నీ అందులోనే. అసలు ఖర్చులో అది ఏ మూలకూ రాదు, మిగతాదంతా విరాళాలే. 1934 నుంచీ ఆ రుసుము మారలేదు. దానం పుచ్చుకున్నామన్న భావం ఉండకూడదనీ, డబ్బిచ్చి తెచ్చుకున్న నా కుక్క అని తల ఎత్తుకు నడవాలనీ. మన దగ్గర చూపులేని వారికి చేసే సేవంతా ఏడాదికో రోజు దుప్పట్లు పంచి ఫోటో తీయించుకోవడంగా ఉంటుంది. ఇలా అంటే కోపాలు వస్తాయి, వస్తే రానివ్వండి.

ఇంతకీ మా అమ్మాయి వాళ్ళ పని ఏమిటి? పుట్టిన పిల్లలను ఏడెనిమిది వారాలకు కుటుంబాలకు ఇస్తారు. ఇలా ఇళ్ళల్లో పెంచే ఏర్పాటు 1942 నుంచీ ఉంది. అసలు విద్య, అంటే రోడ్డు దాటించడం, అడ్డంకులు తప్పించడం, ఇంట్లో నేర్పేది కాదు. అది తరవాత మారిస్‌టౌన్‌లో గురువులు నాలుగు నెలలపాటు నేర్పుతారు. ఇంటివాళ్ళు చెయ్యవలసింది మర్యాద నేర్పడం. మనుషుల మధ్య, చప్పుళ్ళ మధ్య, పిల్లల మధ్య, బస్సుల్లో, రైళ్ళలో బెదరకుండా మెలగడం అలవాటు చెయ్యాలి. ఇది కుక్కల కొట్టంలో నేర్పగలిగింది కాదు, సంసారం ఉన్న ఇంట్లోనే వస్తుంది. పశువైద్యుడి ఖర్చు సంస్థదే. ఒక్కో జిల్లాలో పెంపకందార్లందరికీ ఒక సంఘం, నెలకో సమావేశం, పిల్లలు ఎలా ఉన్నాయో చూడటానికి ఒక పర్యవేక్షకురాలు. ఆవిడ వచ్చి చూసినప్పుడల్లా మా అమ్మాయి స్కూలు ఇన్‌స్పెక్షన్‌కు భయపడే హెడ్‌మాస్టరులాగా ఇల్లు సర్దేది.

ఇక నా సంగతి. కుక్క గడప దాటి లోపలికి రాని ఇల్లు మాది. దొడ్లో ఉండేది, అన్నం పెట్టేవాళ్ళం, అంతే. దేవుడి గది దగ్గర ఏం చేస్తారే అన్నాను. వంటింటికీ దేవుడి గదికీ పసిపిల్లల కోసం పెట్టే చిన్న గేట్లు పెట్టి ఉంచారు. నోరా ఆ గేటు అవతల కూర్చుని, నేను పూజ చేసుకున్నంతసేపూ చెవులు నిక్కించి చూసేది. గంట మోగితే తల ఒక పక్కకు వంచేది. మా అల్లుడు "అత్తయ్యగారూ, దత్తాత్రేయుడి పటంలో నాలుగు కుక్కలు ఉండగా లేనిది ఈ ఒక్కటీ ఎక్కువైందా?" అన్నాడు. పటంలోవి వెంట్రుకలు రాల్చవు నాయనా అన్నాను.

నియమాలు చాలా కచ్చితం. మనం తినేది ఒక్క మెతుకు కూడా పెట్టకూడదు. ఇది నాకు అన్నిటికన్నా కష్టమైంది. ఎదురుగా ఒక ప్రాణి కళ్ళప్పగించి చూస్తుంటే పప్పన్నం ముద్ద దిగుతుందా చెప్పండి? కారణం చెప్పాక ఊరుకున్నాను. రేపు దాని యజమాని హోటల్లోనో పెళ్ళి విందులోనో భోంచేస్తుంటే అది బల్లకింద మౌనంగా పడుకోవాలి. పక్క బల్ల వాళ్ళ పళ్ళెం వైపు లాక్కుపోతే చూపులేని మనిషి ఏమైపోవాలి? పైగా ఎండుద్రాక్ష, ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్టు కుక్కలకు విషమట. నేను పరవాన్నం చేసిన రోజు కిస్‌మిస్ డబ్బా పై అరలోకి వెళ్ళిపోయేది. సోఫా ఎక్కకూడదు. మీదకు ఎగబడకూడదు. ఊరికే మొరగకూడదు. బంతి విసిరి పరిగెత్తించే ఆటా వద్దన్నారు, కదిలే ప్రతిదాని వెంటా పడే అలవాటు కాకూడదని. రాత్రి పడక ఒక కటకటాల పెట్టెలో. చివరికి దొడ్డికి వెళ్ళడానికీ ఒక మాట ఉంది, 'పార్క్ టైమ్' అనాలి. ఆ మాట అన్నప్పుడు, అన్నచోటే అది పని కానిచ్చుకోవాలి.

ఆజ్ఞలు ఇంటిల్లిపాదీ ఒకే మాటతో, ఒకే తీరున ఇవ్వాలి. సిట్, డౌన్, రెస్ట్, కమ్. నేను "కూర్చోవే" అంటే మా మనవరాలు నోటిమీద వేలు వేసుకునేది. ఆజ్ఞలు మాత్రమే ఇంగ్లీషులో, ముద్దు మాటలకు నియమం లేదు. ఇక్కడే ఒక విచిత్రం జరిగింది. మా మనవరాలికి అప్పుడు పదమూడేళ్ళు, మనవడికి తొమ్మిది. తెలుగు అర్థమవుతుంది కానీ నాకు జవాబంతా ఇంగ్లీషులోనే. బరంపురంలో మన పిల్లలు ఒడియాలోనూ, బెంగుళూరులో కన్నడంలోనూ, అక్కడ ఇంగ్లీషులోనూ, మీకు తెలియనిది కాదు. నేను ఒళ్ళు నిమురుతూ "బంగారు తల్లీ, అలసిపోయావా, ఆకలేస్తోందా" అంటుంటే దాని తోక ఊగడం చూసి, పిల్లలిద్దరూ దానితో తెలుగు మొదలుపెట్టారు. "నోరా, ఇటు రామ్మా, ఎందుకు అలిగావు?" అని మా మనవడు అడుగుతుంటే నేను చాటుగా విన్నాను. నాతో ఇంగ్లీషు, కుక్కతో తెలుగు. మన సంఘాల వాళ్ళు ఆదివారం తెలుగు తరగతులకు పిల్లలు రావడం లేదని వాపోతూ ఉంటారు కదా, ఆలోచించవలసిన విషయమే.

చప్పుళ్ళకు అలవాటు చెయ్యాలన్నారని చెప్పాను కదా. అందులో నా వంతు నాకు తెలియకుండానే జరిగిపోయింది. ప్రెషర్ కుక్కర్ మొదటిసారి కూత పెట్టినప్పుడు నోరా బల్లకింద దూరింది. వారం తిరిగేసరికి మూడు కూతలకీ మూడుసార్లు చెవి విదిలించి మళ్ళీ నిద్రపోయేది. తాలింపు చిటపటలు, మిక్సీ, మనవరాలు కూచిపూడి సాధన చేస్తుంటే గజ్జెల మోత, జులై నాలుగున వాళ్ళ స్వాతంత్ర్య దినోత్సవం టపాకాయలు, అన్నీ అయ్యాయి. పర్యవేక్షకురాలు ఒకసారి కుక్కర్ కూస్తుండగా వచ్చి, కదలకుండా పడుకున్న నోరాను చూసి పుస్తకంలో ఏదో రాసుకుంది. సంస్థ పేరున్న చిన్న చొక్కా తొడిగి దుకాణాలకూ, రైల్వే స్టేషనుకూ, పిల్లల స్కూలుకూ తిప్పేవారు. ఎక్కడికి వెళ్ళినా ముందు అనుమతి అడిగేవారు. మనవాళ్ళ సరుకుల దుకాణం ఒకదాన్లో మాత్రం యజమాని ససేమిరా అన్నాడు. అతని దుకాణం, అతనిష్టం. మా అమ్మాయి మారుమాట లేకుండా బయటికి వచ్చేసింది. శిక్షణ పూర్తయి యజమానితో వచ్చే కుక్కను మాత్రం అక్కడ ఎవరూ గుమ్మంలో ఆపడానికి లేదు, 1990లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ఒప్పుకోదు. గుడికి మాత్రం నోరాను తీసుకుపోలేదు, అది మా ఇంట్లో మేము అనుకున్న నిర్ణయం.

దారి చూపడమంటే ఏమిటో చాలామందికి తప్పు అభిప్రాయం ఉంది. "బజారుకు పద" అంటే కుక్క తీసుకుపోతుందని. అలా కాదు. ఎటు వెళ్ళాలో మనిషికే తెలియాలి. ఎన్ని వీధులు దాటాలి, ఎక్కడ కుడికి తిరగాలి అన్న పటం మనిషి తలలో ఉంటుంది. కుక్క ఎడమ పక్కన కాస్త ముందుగా నడుస్తుంది. దాని ఒంటికి తోలు పట్టెడ, ఆ పట్టెడకు గట్టి పిడి. ఆ పిడి ద్వారానే అది పక్కకు తప్పుకోవడం, ఆగడం మనిషి చేతికి తెలుస్తుంది. మెట్టు వస్తే ఆగుతుంది, గట్టు వస్తే ఆగుతుంది, తలకు తగిలే కొమ్మ ఉంటే పక్కగా తీసుకుపోతుంది. కుక్కలకు ఎరుపూ ఆకుపచ్చా సరిగా తెలియవు, అందుచేత దీపాలు చూసి దాటించడం ఉండదు. మనిషే వాహనాల చప్పుడు విని, దాటవచ్చని తోచినప్పుడు ముందుకు పొమ్మంటాడు. అప్పుడు ఏదైనా బండి వస్తుంటే కుక్క ఆ మాట వినదు, కదలదు. ఏడాదిన్నరపాటు చెప్పిన మాట వినడం నేర్పి, చివర్లో ఎప్పుడు వినకూడదో నేర్పుతారన్నమాట. మాట వినకపోవడాన్ని కూడా పాఠంగా చెప్పే బడి నా ముప్పయ్యేళ్ళ టీచరు ఉద్యోగంలో నేను చూడలేదు.

ఈ సంగతులన్నీ నేను ప్రతి ఆదివారం ఫోన్లో మా అన్నయ్యకు చెప్పేదాన్ని. అసలు ఈ కథ నాకు పట్టుకోవడానికి కారణం అన్నయ్యే. అన్నయ్యకు నీటికాసులు. ఇంగ్లీషులో గ్లాకోమా అంటారు. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, పక్క చూపు అంచుల నుంచి కొంచెం కొంచెంగా తినేస్తుంది, పోయిన చూపు తిరిగి రాదు. ఈ లోగా తెలిస్తే చుక్కల మందుతోనో ఆపరేషన్‌తోనో ఉన్న చూపును నిలబెట్టుకోవచ్చు. అన్నయ్యకు తెలిసేసరికి ఆలస్యమైంది. మొదట చూసిన డాక్టరు కళ్ళద్దాలు మార్చి పంపేశాడు. నలభై దాటినవాళ్ళు, ముఖ్యంగా ఇంట్లో ఎవరికైనా ఉంటే, కంటి ఒత్తిడి చూపించుకోండి అని ఈ కాలమ్‌లో ఇంతకుముందూ రాశాను, మళ్ళీ రాస్తున్నాను. 2018 నాటికి అన్నయ్యకు డెబ్భై. రోజూ పొద్దున్నే బడాబజార్ దాకా నడిచి వెళ్ళి కూరలూ కబుర్లూ తెచ్చే మనిషి వీధరుగు దిగడం మానేశాడు. కర్ర పట్టుకోమంటే, "గుడ్డివాణ్ణని ఊరంతా చాటింపు వేసుకోమంటావా?" అనేవాడు.

అక్టోబరులో నేను బరంపురం వచ్చేశాను. మళ్ళీ 2019 జూన్‌లో వెళ్ళాను. నోరాను అప్పగించే నెల అది. పదహారు నెలల పడుచు. నల్లగా నిగనిగలాడుతోంది. నా గొంతు వినగానే తోక నడుం దాకా ఊపింది గానీ మీదకు దూకలేదు, నేర్చుకున్న మర్యాద మరి.

ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తడం లేదు. ఒకరోజు సాయంత్రం దీపం పెట్టడానికి వెళ్ళేసరికి మా మనవడు దేవుడి ముందు కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ లేనిది ఏమిట్రా అని అడిగితే చాలాసేపటికి చెప్పాడు. నోరా పరీక్షలో ఫెయిలవ్వాలని మొక్కుతున్నాడట. శిక్షణలో అన్ని కుక్కలూ నెగ్గవు. పావురాలను చూస్తే చపలించేవి, పెద్ద చప్పుళ్ళకు బెదిరేవి, ఆరోగ్యం సరిపడనివి ఉంటాయి. అలా పనికిరావన్న కుక్కను ముందు పెంచిన కుటుంబానికే ఇస్తామంటారు. వాడి లెక్క అది. తిట్టడానికి నాకు నోరు రాలేదు. నిజం చెప్పొద్దూ, దాని తల నా చెప్పుల మీద ఆనినప్పుడు నాకూ ఆ మొక్కు మొక్కాలనే ఉండేది.

ఆ ఆదివారం అన్నయ్యతో మాట్లాడుతూ ఈ మాట చెప్పాను. "వాడికి ఫోన్ ఇవ్వు" అన్నాడు. ఏం మాట్లాడుకున్నారో సగమే వినిపించింది. వాడు వచ్చీరాని తెలుగులో "తాతయ్యా, నీకు అసలేమీ కనిపించదా?" అని అడిగాడు. తలుపు సందులోంచి చూస్తే ఎంత కనిపిస్తుందో అంత కనిపిస్తుందని చెప్పాడట అన్నయ్య. అది కూడా వచ్చే ఏడాదికి ఉంటుందో లేదో అన్నాడట. ఫోన్ పెట్టేశాక వాడు స్నానాల గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుని ఆ సందులోంచి హాల్లోకి చూస్తూ కూర్చోవడం మా అమ్మాయి చూసింది. రాత్రి భోజనాల దగ్గర, "నోరాను బరంపురం తాతయ్యకు ఇవ్వొచ్చు కదా?" అన్నాడు.

ఇవ్వడానికి లేదు. ఆ సంస్థ కుక్కలను అమెరికా, కెనడాలలో ఉండేవారికే ఇస్తుంది. ఇచ్చి చేతులు దులుపుకోదు, తరవాత కూడా వచ్చి చూస్తుంది, అవసరమైతే దిద్దుతుంది. ఇక్కడికి పంపినా మన వీధుల్లో నడపగలదా? నడవడానికి గట్టు లేదు, ఉన్నచోట స్కూటర్లు. మలుపుకొక ఊరకుక్కల గుంపు. కొత్త కుక్క కనిపిస్తే అవి ఊరుకుంటాయా? ఇవన్నీ వాడికి మా అల్లుడు విడమరిచి చెప్పాడు. వాడు విని, "అయితే ముందు ఆ రోడ్లు బాగుచెయ్యాలి" అన్నాడు. మున్సిపాలిటీ వారికి ఆ మాట అందేలా చెయ్యగల పాఠకులెవరైనా ఉంటే సంతోషం.

అప్పగింత రోజున సంస్థ వాళ్ళ బండి వచ్చింది. పక్కింటి పంజాబీ ఆవిడ "ఇన్నాళ్ళు పెంచి ఇచ్చేస్తారా, పాపం కాదూ?" అని మొదటి నుంచీ అడుగుతూనే ఉంది. ఆడపిల్లను అత్తారింటికి పంపడం లాంటిదేనండీ అని మా అమ్మాయి ఆవిడతో అనేది. నాకు ఆ పోలిక నచ్చలేదు. కూతురు పండగకు వస్తుంది, ఉత్తరం రాస్తుంది, అలుగుతుంది. ఇది ఏదీ చెయ్యదు. మా మనవరాలు తానే పెట్టెలోకి ఎక్కించింది, ఏడవలేదు, లోపలికి వచ్చి రెండు రోజులు గజ్జెలు ముట్టుకోలేదు. మనవడు ఆ ఉదయం నుంచీ మెడపట్టె దాచేసి, ఎక్కడ పెట్టాడో చెప్పనన్నాడు. బండి కదలబోతుండగా తీసుకువచ్చి డ్రైవరు చేతికిచ్చి, "దీనికి కుక్కర్ అంటే భయం లేదు" అని ఒక్క మాట చెప్పాడు.

నవంబరులో పిలుపు వచ్చింది. శిక్షణ పూర్తయ్యే సమయానికి పెంచిన కుటుంబాన్ని పిలిచి, కుక్క గురువుతో కలిసి మారిస్‌టౌన్ వీధుల్లో పని చేస్తుంటే వెనక నుంచి చూడనిస్తారు. అది మనల్ని గుర్తుపట్టకుండా దూరంగా నడవాలి, పేరు పెట్టి పిలవకూడదు. గాలి ఎటు వీస్తోందో కూడా చూసుకున్నాం. నోరా పట్టెడ కట్టుకుని, తల నిటారుగా పెట్టుకుని, జనంలోంచి సూదిలోంచి దారం దూరినట్టు ఆ మనిషిని తీసుకుపోయింది. ఒకచోట కాలిబాట మీద నిచ్చెన వేసి ఎవరో బోర్డు బిగిస్తున్నారు. ఆగి, చూసి, చుట్టూ తిప్పింది. మరొకచోట గురువు దాటమన్నా దాటలేదు, మలుపులోంచి ఒక వ్యాన్ వచ్చింది. మా మనవడు నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "అమ్మమ్మా, ఫెయిలవ్వదు" అన్నాడు. అందులో దిగులు ఎంతో, గర్వం ఎంతో విడదీసి చెప్పలేను.

డిసెంబరులో ఎవరికో జత కుదిరిందని తెలిపారు. ఎవరికన్నది ఆ సంస్థ చెప్పదు. కాలిఫోర్నియాలోని మరొక సంస్థ పట్టా ఇచ్చే రోజున పెంచినవాళ్ళనూ తీసుకునేవాళ్ళనూ ఒకే వేదిక మీదకు పిలుస్తుందట. నాకు మాత్రం ఈ చెప్పకపోవడమే బాగుంది. తీసుకున్న మనిషి ఎవరికీ రుణపడినట్లు ఉండనక్కర్లేదు.

అన్నయ్యకు ఇదంతా చెప్పాక ఒక్క ప్రశ్న అడిగాడు. "కుక్కను తీసుకునేవాళ్ళు ముందు ఏం చేసి ఉండాలి?" ముందు తెల్లకర్రతో ఒంటరిగా తిరగడం వచ్చి ఉండాలి అన్నాను. ఇది నేను కల్పించింది కాదు, అక్కడి నియమమే. దారి తెలియనివాడికి కుక్క దారి చూపలేదు. అన్నయ్య ఏమీ అనలేదు. తరవాత కరోనా వచ్చిపడింది, రెండేళ్ళు అందరం అరుగు దిగలేదు. 2022లో భువనేశ్వర్‌లోని ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. చూపు తిరిగిరాదన్న సంగతి తెలిసిందే. చూపు తగ్గినవారికి నడక నేర్పే విభాగం ఉంటే కలవాలని అన్నయ్యే అడిగాడు. మడిచే తెల్లకర్ర ఇచ్చి, ముందు వేసే అడుగుకు ఎదుటి నేలను ఎలా తట్టి చూసుకోవాలో నేర్పారు. పొడుగు కర్రను ఇలా అటూ ఇటూ ఆడించే పద్ధతి రెండో ప్రపంచ యుద్ధం చివర్లో అమెరికాలో కళ్ళు పోయిన సైనికుల కోసం రిచర్డ్ హూవర్ అనే ఆయన రూపొందించింది. యుద్ధాలు కళ్ళూ తీశాయి, కర్రలూ కుక్కలూ కూడా ఇచ్చాయి.

ఇప్పుడు అన్నయ్య రోజూ మలుపు దాకా వెళ్ళి పేపరు తెచ్చుకుంటాడు. చదివి వినిపించడం వదినె పని. బడాబజార్ దాకా ఇంకా వెళ్ళడం లేదు, వెళతాడని కూడా అనుకోను. దారికి అడ్డంగా పెట్టిన స్కూటర్లను కర్రతో టంగుమని కొడుతున్నాడని వాటి సొంతదార్ల ఫిర్యాదు. కనిపించలేదు బాబూ అంటాడు. నాకు మాత్రం కొన్నిటిని కావాలనే కొడుతున్నాడని అనుమానం.

అక్కడ మా మనవడు రెండో పిల్లను తెచ్చుకున్నాడు, ఈసారి పసుపు రంగుది. మీరు గనక ఆ దేశాల్లో మీ పిల్లల దగ్గరికి వెళ్ళినప్పుడు పట్టెడ కట్టిన కుక్క ఎదురైతే దాన్ని నిమరకండి, పిలవకండి, ఏమీ పెట్టకండి. అది డ్యూటీలో ఉంది. మాట్లాడాలంటే మనిషితో మాట్లాడండి. ఇక్కడ తెల్లకర్ర పట్టుకున్నవారు కనిపిస్తే, సాయం కావాలా అని ముందు నోటితో అడగండి. కావాలంటే మీ మోచెయ్యి వారికి అందించండి, వాళ్ళు పట్టుకుని మీకంటే ఒక అడుగు వెనక నడుస్తారు. వారి చెయ్యి మీరు పట్టి లాగకండి. పోయిన నెల అన్నయ్య మలుపులో పేపరు కుర్రాడి కోసం నిలబడి ఉంటే, ఎవరో పుణ్యాత్ముడు మాటామంతీ లేకుండా రెక్క పుచ్చుకుని రోడ్డు దాటించి, దణ్ణం పెట్టించుకుని మరీ వెళ్ళిపోయాడట. అన్నయ్య అవతలి గట్టున పావుగంట నిలబడి, చప్పుళ్ళు వింటూ, కర్రతో తనంతట తానే తిరిగి దాటాడు.